మూడో పట్టీ

సరూర్‌నగర్ చెరువుల తెరచాప పడవ ఉండెనంటె ఇప్పటికీ ఎవ్వరు నమ్మరు. నమ్మకుంటె నాకొచ్చిన నష్టమేం లేదు. ఆ చెరువు సంగతి ఎరిగినోళ్ళకు నవ్వు రావడం న్యాయమే. అండ్ల గణపతులు మునుగుతయి, బతుకమ్మలు తేలుతయి, దిల్‌సుఖ్‌నగర్ మోరీలు మర్యాదగ వచ్చి కలుస్తయి, మిగిలిన జాగల గుర్రపుడెక్క సంసారం చేసుకుంటది. దాంట్లనే బోటింగ్ అని ఒకటి పెట్టిండ్రు. బాతు మెడలున్న తొక్కుడు పడవలు నాలుగు, నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఓ ఇరవై, ముక్కుకు దస్తీ కట్టుకొని ప్రేమించుకునే జంటలు పూటకు ఒకటో రెండో. ఆ బాతుల పక్కపొంటి, జెట్టీకి కట్టేసి, ఒక తెల్ల పడవ ఉండె. దాని మీద ఇరవై అడుగుల అల్యూమినియం పోలు. బాతుల పెండ్లికి కొంగ వచ్చి నిలబడ్డట్టు.

ఆ పడవ ఒక సార్‌ది. సార్ అంటె బడి సార్ గాదు. బడి సార్లకు నాకు పొత్తు కుదరక తొమ్మిదో తరగతి నడుమలనే విడిపోయినం. రాష్ట్రం విడిపోవడానికి ఏండ్లకేండ్లు పట్టింది గని, నేను బడి విడిపోవడానికి ఒక్క పూట పట్టింది. జేఏసీ కూడ అక్కర రాలే. ఈ సార్ కాకినాడ దిక్కు మనిషి. ఓడలల్ల ఇంజన్లు చూసే కొలువు చేసి, రిటైరయి, దిల్‌సుఖ్‌నగర్ ఎనక కాలనీల ఇల్లు కట్టుకున్నడు. సముద్రం పక్కన పుట్టి, సముద్రం మీద బతికి, సముద్రం లేని ఊరు ఏరికోరి ఇల్లు కట్టుకున్నోడి తెలివి గురించి నేనేం మాట్లాడ.

సార్‌ను నాకు పరిచయం చేసింది ఆయన స్కూటర్. ఎల్బీ నగర్ చౌరస్తాల, సరిగ్గ రాస్తారోకో మొదలయ్యే టైంకు, దాని క్లచ్ వైరు తెగింది. ముంగట ఊరేగింపు, ఎనక లారీలు. నడుమల నుంచి సార్ దాన్ని నా డబ్బా దాక తోసుకొచ్చిండు. డబ్బా అంటె ఫుట్‌పాత్ మీద ఒక ఇనుప పెట్టె, ఒక స్టూలు, గోడకు ఏలాడే క్లచ్ వైర్లు, బ్రేకు వైర్లు. నేను కొత్త వైరు ఏసి, కొసకు సీసం పోసి గుండు కట్టిన. ఇగ పోతడనుకుంటె పోలే. ఆ గుండును వేలుతోని రుద్దిండు, గుంజి చూసిండు.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఇది?"

"తప్పులు చేసి నేర్చుకున్న సార్."

"పడవకి వైరు కడతావా?"

"విమానానికైన కడ్త సార్. గని ముందుగాల ఈ స్కూటర్‌ను తుక్కుకు ఎయ్యిండ్రి. ఇది వైరు తెగి ఆగలే. సిగ్గుతోని ఆగింది."

ఎనక సీటు దిగి, కొంగుతోని చెమట తుడుసుకుంటున్న సార్ భార్య పకపక నవ్వింది. "పదేళ్ళ నించి నేనూ అదే మొత్తుకుంటున్నానండీ. ఈ అబ్బాయి మొహం మీదే నిజం చెప్తాడు."

ఆ ఒక్క మాటతోని నాకు నిజాయితీ పట్టా రాసిచ్చింది ఆ అమ్మ. బడి ఇయ్యని సర్టిఫికెట్ ఫుట్‌పాత్ మీద దొరికింది. ఆ సర్టిఫికెటే తర్వాత నా మెడకు చుట్టుకున్నది.

పడవ వైర్ల పని నేననుకున్నంత ఘనకార్యమేం గాదు. పోలును నిలబెట్టేటియి మూడే వైర్లు. ముంగట ఒకటి, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. ఒక్కో వైరు కింది కొసకు ఒక మర ఉంటది, ఇటు తిప్పితె బిగుస్తది, అటు తిప్పితె వదులైతది. ఆ మర పోయి, పడవ అంచుకు బోల్టు కొట్టిన స్టీలు పట్టీకి తగులుకుంటది. పట్టీ అంటె జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు, పై కొసకు ఒక బెజ్జం. అంతే. కరెంటు స్తంభానికి గుంజి కట్టిన వైరు చూసినోనికి ఎవ్వనికైన సమజైతది. సార్ మాత్రం ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లిష్ పేరు పెట్టి నాతోని అప్పజెప్పిచ్చుకునేది. నేను మాత్రం గిది, గది, అవుతలిది అని పిలుసుకున్న. పని ఏం ఆగలే.

ఒక్క ముచ్చట మాత్రం మొదటి రోజే గట్టిగ చెప్పిండు.

"చూడవయ్యా, గాలి పట్టిందంటే బరువంతా ఈ మూడు పట్టీల మీదే. ఒక్కటి పుటుక్కుమందా, వైరు లేచిపోతుంది. వైరు పోతే ఈ స్తంభం కూలుతుంది. కింద ఎవరు కూర్చుంటే వాళ్ళ నెత్తిన."

"కింద ఎవరు కూసుంటరు సార్?"

"దసరా నాడు మీ అమ్మగారు."

అమ్మది కోనసీమ. ఇంటి ముంగట కాలువ, ఇంటెనక కాలువ. అయినా నీళ్ళంటె భయం. బిందె నిండి పొర్లితెనే రెండడుగులు ఎనక్కు ఏస్తది. ఈదుడు రాదు. పెండ్లయిన నాటినించి సార్ "ఒక్కసారి పడవెక్కవే" అని బతిమాలుడు, ఆమె "వచ్చే దసరాకి చూద్దాం లెండి" అనుడు. సర్కారు మాకు రాష్ట్రం ఇస్తనన్నట్టె. ఆ యేడు ఏమైందో ఏమో, ఒప్పుకున్నది. "రాష్ట్రం ఎటు పోతుందో తెలీదు, మనం ఎటు పోతామో తెలీదు. ఒక్కసారి ఎక్కేస్తే మీ గోల వదుల్తుంది" అన్నదట. గని ఒక షరతు పెట్టింది. సార్ మాట మీద ఎక్కదు. ఆయనకు పడవ అంటె పిచ్చి గనక, ఓటిదాన్ని కూడ గట్టిదంటడు. స్కూటర్‌ను తుక్కు అన్న పిలగాడు ఎక్కమంటెనే ఎక్కుతది.

అంటె ఒక ఆడమనిషి పానం ఎల్బీ నగర్‌ల క్లచ్ వైర్లు ఏసేటోని నాలుక మీద పెట్టిండ్రన్నట్టు. నాకు మస్తు గర్వమైంది. నా డబ్బా కాడ చాయ్ తాగే వాళ్ళందరికి చెప్పిన.

ఆ యేడు దసరా సమ్మె నడుమల వచ్చింది. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. కరెంటు ఎప్పుడు ఉంటదో దానికే ఎరుక లేదు. రోడ్ల మీద వంటా వార్పు. నేను ఉద్యమంల ముంగట వరుసల ఉండెటోన్ని, అంటె పులిహోర పెట్టే కాడ. సమ్మెల స్కూటర్లు తిరుగుతలేవు గనక నాకు పని లేదు, పని లేదు గనక పడవకు పోయిన.

పండుగకు వారం ముందుగాల తనిఖీ పెట్టిండు సార్. జెట్టీ మీద కుర్చీ ఏసుకొని, నెత్తికి తువ్వాల కట్టుకొని, జడ్జి లెక్క కూసున్నడు. నా చేతికి ఒక దూది ఉండ, ఒక భూతద్దం ఇచ్చిండు.

"దూదేంది సార్, చెవులల్ల పెట్టుకోనా?"

"వైరు పొడుగునా రాసుకుంటూ వెళ్ళు. ఎక్కడైనా పోగు తెగుంటే దూది పట్టుకుంటుంది. కంటికి కనపడనిది దూదికి దొరుకుతుంది."

నిజంగనే దొరికింది. కుడి వైరుకు రెండు జాగలల్ల దూది పింజలు నిలబడ్డయి, ముసలోని గడ్డం లెక్క. ఎడమ వైరుకు ఒక కాడ. రెండు వైర్లు మార్చాలన్నడు. మార్చినం. మరలకు పెట్టే పిన్నులు వంగినయి తీసి కొత్తవి ఏసినం. కొత్త వైర్లు బిగించేటప్పుడు సార్ కుడి దిక్కు, నేను ఎడమ దిక్కు, చెరొక మర పట్టుకొని తిప్పాలె. ఇద్దరం సమానం తిప్పితెనే పోలు నిటారు.

"నీ వైపు ఒక చుట్టు ఎక్కువ తిప్పావయ్యా. అటు ఒరిగింది."

"మాకెప్పుడు తక్కువనే వచ్చింది సార్. ఒక్కసారన్న ఎక్కువ తీసుకోనియ్యిండ్రి."

"వెనక్కి తిప్పు."

"మీకు సముద్రమే ఉండె. మా చెరువుకు కూడ వచ్చి పడ్డరు."

"మీ చెరువు వాసన మీరే ఉంచుకోండయ్యా. అందులో మాకు వాటా వద్దు."

ఒక లీడర్ అక్కడ ఉంటె ఆ పోలు మీద, రెండు వైర్ల మీద గంటన్నర ఉపన్యాసం ఇచ్చేది. నేను ఎనక్కు ఒక చుట్టు తిప్పిన.

ఇగ మిగిలింది పట్టీలు. ఒక్కోదాన్ని గుడ్డతోని తుడిచి, భూతద్దం పెట్టి, బెజ్జం చుట్టు పగులు ఉన్నదా అని చూడాలె. ముంగటి పట్టీ చూసిన. జెట్టీ దిక్కున్న కుడి పట్టీ చూసిన. రెండు మంచిగనే ఉన్నయి. మూడోది ఎడమది, నీళ్ళ దిక్కు, అంచుకు బయటి మొఖాన ఉన్నది. దాన్ని చూడాలంటె పడవ అంచు మీద బోర్ల పండుకొని, తలకాయ నీళ్ళ మీదికి ఏలాడదియ్యాలె. ఆ నీళ్ళు ఎట్లాంటియో ముందే చెప్పిన. గణపతి మునిగి ఎన్నో దినాలు గాలే, కింద గడ్డి, పైన రంగు, దాని మీద ఇంకేదో బుడగలు. ఒక్కసారి తలకాయ వంచిన. వాసనకు ముక్కు మూసుకొని మళ్ళ ఎత్తిన. సరిగ్గ అప్పుడే రోడ్డు దిక్కు నుంచి డప్పు సప్పుడు, ఆ ఎనకనే పోపు వాసన. మెడ ఎటు తిరుగుతదో మీరే చెప్పిండ్రి.

పట్టీని చేతితోని ఒక గుంజు గుంజిన. కదల్లే. లేచిన.

"మూడూ చూశావా?" సార్ అడిగిండు.

"మూడు చూసిన సార్. పక్కా."

సార్‌తోని అబద్ధమాడుడు నాకు పెద్ద బరువేం గాలే. బడి సార్లతోని చిన్నప్పటినించి అలవాటే. గని అప్పుడే అమ్మ టిఫిన్ డబ్బా పట్టుకొని జెట్టీ మొదలు కాడికి వచ్చింది. చెక్కల మీదికి రాలే. చెక్కల సందులనుంచి నీళ్ళు కనపడుతున్నయని మట్టి మీదనే ఆగింది. అక్కడినించే పిలిచింది.

"బాబూ, నువ్వు చూశావా? మొత్తం చూశావా?"

"చూసిన అమ్మా."

"అయితే ఎక్కొచ్చంటావా?"

"ఏనుగు ఎక్కినా ఏం గాదమ్మా."

"అయితే ఎక్కుతా." డబ్బా నా చేతికిచ్చింది. దాంట్ల పెసరట్లు. నాకు రోడ్డు మీద పులిహోర, జెట్టీ మీద పెసరట్టు, రెండు ప్రాంతాల న్యాయం జరిగింది. తినుకుంట ఆ మూడో పట్టీ సంగతి మరిచిపోయిన అని చెప్పాలని ఉన్నది గని, మరవలే. ఇంకొక పెసరట్టు తీసుకున్న. అది కూడ దిగింది. మనసు గట్టిది గాదు గని గొంతు గట్టిది.

నవమి నాడు ఆయుధ పూజ. మెకానిక్ బతుకుల అంతకంటె పెద్ద పండుగ లేదు. పానాలు, స్క్రూ డ్రైవర్లు, సుత్తెలు అన్ని కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి దండం పెడతం. ఆ దినం వాటికి సెలవు. పూజ చేసిన పనిముట్టును తెల్లారిందాక ముట్టద్దు. యేడంత మేము వాటితోని దెబ్బలు తింటం, ఆ ఒక్క దినం అవి మాతోని దండం తింటయి.

పడవకు కూడ పూజ చెయ్యాలని అమ్మ పట్టు పట్టింది. సార్‌కు ఇష్టం లేదు.

"స్టెయిన్‌లెస్ స్టీలుకి బొట్లేంటే?"

"మీ ఓడకి చెయ్యకపోతే మీ ఇష్టం. నేనెక్కే పడవకి చెయ్యాలి."

పొద్దున్నే పోయిన. ముందటి దినమే సద్దుల బతుకమ్మ. చెరువు మీద తంగేడు పూలు, బంతిపూలు, గునుగు పూలు పడవ చుట్టూ తేలుతున్నయి. మొదటిసారి ఆ చెరువు కొంచెం చెరువు లెక్క కనపడ్డది, వాసన మాత్రం పాత పార్టీలనే ఉన్నది. నున్నటి స్టీలు మీద నీళ్ళతోని కలిపిన కుంకుమ నిలవదు, జారుతది. మా మెకానిక్‌ల తరీక ఏందంటె, కుంకుమను నూనెతోని పల్చగ కలిపి పెడతం. అట్లనే కలిపి, మరలకు, బోల్టులకు, పోలుకు, వరుసగ బొట్లు పెట్టిన. మూడో పట్టీకి పెట్టేటప్పుడు ముక్కు మూసుకొని, కండ్లు మూసుకొని, వేలుతోని తడిమి పెట్టిన. భక్తి అంటె అదే గద, చూడకుంటనే చేసుడు.

మధ్యాన్నానికి సార్ ఫోన్ చేసిండు. పూజ అయింది గద, ఆ నూనె తుడువు, రేపు తెల్ల తెరచాపకు అంటిందంటె ఎర్ర మరకలు పోవు అన్నడు. పూజ చేసినదాన్ని ముట్టద్దని ఉన్నది గని తుడవద్దని ఎక్కడ లేదు. పోయి, గుడ్డకు పెట్రోల్ అద్దుకొని తుడిచిన. ముంగటి పట్టీ మెరిసింది. కుడి పట్టీ మెరిసింది. ఎడమదానికి, ఇగ తప్పదు గనక, బోర్ల పండుకొని తలకాయ ఏలాడదీసిన.

తుడిచిన. బొట్టు పోయింది. బెజ్జం కాడ ఒక ఎర్ర వెంట్రుక మిగిలింది.

వెంట్రుకే అనుకున్న. గోరుతోని గీకిన. రాలే. మళ్ళ పెట్రోల్ పెట్టి గట్టిగ రుద్దిన, పోయింది. హమ్మయ్య అనుకొని ఊపిరి పీల్చిన, ఆ చెరువు మీద అది తెలివైన పని గాదు. దగ్గు తగ్గినంక చూస్తె మళ్ళ వచ్చింది. బెజ్జం నుంచి అంచు దాక, వంకర టింకరగ, లోపలినించి కుంకుమ ఊరుతున్నది. స్టీలు లోపల నూనె కుంకుమ దాసుకునేటంత సందు ఉన్నదంటె, అది పగులు. పట్టీ సగం తెగి ఉన్నది. నేను "పక్కా" అన్న పట్టీ. ఏనుగు ఎక్కొచ్చు అన్న పట్టీ.

అట్లనే పండుకొని ఉన్న. వాసన తెలుస్తలేదు. తెల్లారితె దసరా. అమ్మ కూసునేది కూడ ఆ దిక్కే.

చెప్పకుంటె ఏమైతది అని కూడ ఆలోచించిన, అబద్ధమెందుకు. గాలి రాకపోవచ్చు. పట్టీ ఇంకొక్క దినం ఆగొచ్చు. సార్ పది నిమిషాలు తిప్పి తీసుకొస్తడు, ఆ తర్వాత నిమ్మళంగ మార్చొచ్చు. ఇసొంటి తెలివి నాకు బడిల ఉంటె పదో తరగతి దాటేటోన్ని. గని మట్టి మీద నిలబడి "అయితే ఎక్కుతా" అన్న అమ్మ మొఖం యాదికొచ్చింది. ఫోన్ చేసిన.

సార్ వచ్చిండు. కండ్లద్దాలు తీసి, భూతద్దం పెట్టి, ఆ వయసుల, ఆ నీళ్ళ మీద, నాకంటె ఎక్కువ ఏలాడిండు. చానాసేపు చూసిండు. లేచినంక నవ్విండు. నేను తిట్లకు తయారై ఉన్న, నవ్వుకు తయారై లేను.

"ఓడల్లో పగుళ్ళు పట్టుకోవడానికి మేం డబ్బాల్లో ఎర్రరంగు తెప్పించేవాళ్ళమయ్యా. పూస్తాం, ఆగుతాం, తుడుస్తాం. పగులుంటే ఎర్రగా ఊరుతుంది. మీరు దసరాకి అదే చేస్తున్నారన్నమాట."

"మావోళ్ళు ఎప్పటినించో ఇంజనీర్లే సార్. ఎవ్వరు గుర్తించలే."

ఆయన నవ్వు ఆగింది. "మూడూ చూశానన్నావు."

నేను పెట్రోల్ గుడ్డను మడత పెట్టుడు మొదలు పెట్టిన.

"మీ అమ్మగారికి చెప్పకు" అన్నడు సార్, భూతద్దం జేబుల పెట్టుకుంట. "తెలిస్తే జన్మలో ఎక్కదు. పట్టీ మార్చు. ఎలా మారుస్తావో నాకు తెలీదు."

పోలు కూలకుంట తాడుతోని జెట్టీకి గుంజి కట్టి, సార్ ఇంటినించి తెచ్చిన, బొట్టు పెట్టని పానాతోని ఆ దిక్కు వైరు విప్పి, పగిలిన పట్టీ ఊడదీసి జేబుల ఏసుకున్న. ఎల్బీ నగర్‌ల లేతు మిషన్ అన్న కాడికి బండి మీద ఉరికిన. ఆ అన్నది మా నల్లగొండ ఊరే, నాకు పెద్దన్న లెక్క. షాపు షట్టర్ సగం దించి ఉన్నది, సగం పండుగకు, సగం సమ్మెకు. లోపల లేతు మిషన్‌కు పసుపు, బొట్లు, బంతిపూల దండ. పెండ్లిపిల్ల లెక్క కూసున్నది.

"అన్నా, గిసొంటి పట్టీ ఒకటి కావాలె. ఇప్పుడే."

"ఇప్పుడా? పూజ చేసిన మిషన్ మీద చెయ్యి ఎయ్య తమ్మి. రేపు దసరా పూజయినంక రా."

"రేపు పొద్దుగాలకే కావాలె. ఒకామె పానం ముచ్చట."

"ఆమె పానం కోసం నా మిషన్‌కు పాపం తాకిస్తవా? పైంగ కరెంట్ లేదు. సర్కారు కూడ ఆయుధ పూజ చేస్తున్నది."

చెప్పిన మొత్తం. పట్టీ చూపిచ్చిన, ఎర్ర గీత చూపిచ్చిన, "పక్కా" అన్న ముచ్చట కూడ చెప్పిన. అన్న ఆ గీత మీద వేలు పెట్టి రుద్దిండు.

"నువ్వు చూడలే, అమ్మవారు చూసింది. సరే. పూజకు రాని పనిముట్లు ఏమన్న ఉన్నయా నీ కాడ?"

బండి డిక్కీ తెరిచి ఎతికినం. పూజకు పెట్టడం మరిచిపోయినయి మూడు బయటపడ్డయి. ఒక అరిగిన ఆకురాయి, ఒక హాక్సా, మా నాయిన కాలం నాటి చేతితోని తిప్పే డ్రిల్లు. నా మతిమరుపు మీద నాకు జీవితంల మొదటిసారి గౌరవం కలిగింది. అన్న ఒక కొత్త డ్రిల్లు బిట్ల పొట్లం తీసిచ్చిండు, ఇంక విప్పలే గనక పూజ తాకలే. స్టీలు ముక్క తుక్కుల దొరికింది, తుక్కుకు ఎవ్వరు పూజ చెయ్యరు.

గని పట్టీని పట్టుకొని ఉండే వైస్‌కు బొట్టు పెట్టి ఉన్నది. మరి దేంతోని పట్టాలె? అన్న షట్టర్ మొత్తం కిందికి దించిండు, స్టీలు ముక్కను దాని కిందకు తోసి, షట్టర్ కింది బద్ద మీద కాలు పెట్టి తొక్కి నిలబడ్డడు. ముక్క కొస బయటికి పొడుసుకొని వచ్చింది. నేను ఫుట్‌పాత్ మీద కూసొని కొయ్యడం మొదలు పెట్టిన.

అటు పొంటి జెండాలు పట్టుకొని పోయే గుంపు ఆగి చూసింది. "శెబ్బాష్ అన్నా! షట్టర్ మొత్తం దించినవ్. గట్లుండాలె సమ్మె అంటె!"

"జై తెలంగాణ" అన్నడు అన్న, కాలు తియ్యకుంట.

స్టెయిన్‌లెస్ స్టీలును చేతి డ్రిల్లుతోని తొలిచినోడు ఇగ ఏ నరకంలకెల్లైన చెయ్యి ఊపుకుంట నడిచిపోతడు. రెండు బిట్లు ఇరిగినయి. అరచేతులు బొబ్బలెక్కినయి. అన్న మిషన్ ముట్టలే, పనిముట్టు ముట్టలే, గని నోరు ఒక్క నిమిషం ఆగలే. "నూనె పొయ్యి. తొందరపడకు. నిటారుగ పట్టు. అట్ల గాదురా, పెండ్లికొడుకుకు పెట్టినట్టు నలుగు పెడుతున్నవేంది, గట్టిగ రుద్దు!"

"అన్నా, ఆయుధ పూజ నాడు పని చేస్తున్నవ్."

"కాలు పెట్టిన, చెయ్యి పెట్టలే. ఇగ నా నోటికి ఎవడు బొట్టు పెట్టిండు?"

పొద్దు గూట్లె పడే యాళ్ళకు పట్టీ అయింది. అందంగ లేదు. గని పాతదానికంటె మందం.

దసరా పొద్దున సార్, నేను దాన్ని బిగించినం. బోల్టులు, మర, వైరు, పిన్ను. కుంకుమ నూనె కలిపి మూడు పట్టీలకు పూసి, ఆగి, తుడిచి, భూతద్దం పెట్టి మూడింటిని చూసిన. ఏ గీత లేదు. మళ్ళొకసారి చూసిన. సార్ "ఇంక చాలయ్యా" అన్నడు. ఇంకొకసారి చూసిన.

అమ్మ వచ్చింది. పట్టుచీర, దాని మీద నారింజ లైఫ్ జాకెట్. మట్టి మీదనే ఆగింది. సార్ చెయ్యి చాపిండు, ఆమె సార్ దిక్కు చూడలే. నన్ను చూసింది.

"బాబూ, అన్నీ చూశావా?"

సార్ ఆమె ఎనక నుంచి నాకు కండ్లతోని సైగ చేస్తున్నడు. ఎన్ని ఏండ్లు బతిమాలిండో ఆ కండ్లల్ల కనపడుతున్నది. చూసిన అంటె అబద్ధం కూడ గాదు. మూడుసార్లు చూసిన. గని ఆమె అడిగింది ఆ మాటనే, నేను వారం కింద అబద్ధం చెప్పిన అదే మాటను.

"ఇయ్యాల చూసిన అమ్మా. ఆ దినం మూడోది చూడలే. వాసనకు లేచిన. చూసిన అని అబద్ధం చెప్పిన. నిన్న బొట్టు తుడుస్తుంటె పగులు కనపడ్డది. ఇగో."

జేబులకెల్లి పాత పట్టీ తీసి ఆమె చేతుల పెట్టిన. సార్ తల పట్టుకున్నడు. నా సర్టిఫికెట్ చిరిగిపోయిన సప్పుడు నాకు ఇనపడ్డది.

అమ్మ ఆ ముక్కను తిప్పి తిప్పి చూసింది. ఎర్ర గీతను గోరుతోని గీకింది. తర్వాత నా అరచేతులు చూసింది, బొబ్బలు.

"కొత్తది నువ్వే చేశావా?"

"అవునమ్మా."

"అది గట్టిదేనా?"

"గట్టిదే అమ్మా."

"నీకు ఈత వచ్చా?"

"రాదమ్మా."

"మంచిది. నువ్వూ ఎక్కు. నువ్వెక్కితేనే నేనెక్కుతా."

నాకు నవ్వుతున్నదో తిడుతున్నదో అర్థం గాలే. తర్వాత అర్థమైంది, ఎక్కిస్తున్నది. పడవల ఇద్దరే పడతరని సార్ ఏదో అనబోయిండు. "మీరు ఊరుకోండి, ఈ ఊళ్ళో స్కూటర్ల మీద ముగ్గురేసి వెళ్ళడం లేదూ" అన్నది. పాత పట్టీని కొంగుకు ముడేసుకున్నది. తర్వాత జెట్టీ చెక్కల మీద ఒక్కో అడుగు ఏసుకుంట, సందులనుంచి కనపడే నీళ్ళ దిక్కు చూడకుంట వచ్చి, సార్ చెయ్యి పట్టుకొని పడవల దిగింది. పడవ ఊగింది. ఆమె అరవలే. నేను అరిచిన.

"అటు కూర్చో" అని నాకు ఎడమ అంచు చూపిచ్చింది. "ఆ మూడోదాని పక్కన."

సార్ తాడు ఇడిచిండు. తెరచాప ఒక్కసారి పట్‌మని నిండింది. పోలు కిర్రుమన్నది, ఎడమ వైరు వీణ తీగె లెక్క బిగుసుకున్నది. పడవ పూల నడుమ నుంచి, బాతుల పక్కనించి, చెరువు మధ్యకు జారింది. ఎనక అమ్మ గొంతు ఇనపడుతున్నది. మొదలు "ఏవండీ, ఏవండీ" అన్నది. ఆ తర్వాత నవ్వుడు మొదలు పెట్టింది, స్కూటర్ ముచ్చట కాడ నవ్విన నవ్వే. గట్టు మీద జనం చప్పట్లు కొడుతున్నరట. ఆకాశంల పాలపిట్ట పోయిందట, దసరా నాడు పాలపిట్ట కనపడుడు ఎంత అదృష్టమో మాకు తెలుసు. ఇవన్ని తర్వాత సార్ చెప్పిండు.

నేనేం చూడలే. రెండు చేతులతోని అంచు పట్టుకొని, బోర్ల పండుకొని, తలకాయ నీళ్ళ మీదికి ఏలాడదీసి, ఒడ్డుకు వచ్చిందాక ఆ పట్టీనే చూసిన.